లోయలోపలి పాఠకులు: తూర్పు కనుమల రచన – అంతర్జాలంలో పాఠకసంబంధం

వ్యాససంగ్రహం:

అంతర్జాలం వల్ల తెలుగు రచయితకు పాఠకులు పెరిగారన్నది నేడు తరచుగా వినిపించే మాట. అరకులోయ, పాడేరు మొదలుకొని పార్వతీపురం, సీతంపేట కొండల వరకు విస్తరించిన తూర్పు కనుమల ఆదివాసీ ప్రాంతపు రచన విషయంలో ఆ మాట ఎంతవరకు నిలుస్తుందో పరీక్షించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఈ ప్రాంతం గురించి రాసే రచయితకు దూరప్రాంతపు పాఠకులు సులభంగా దొరుకుతున్నారు. రచనలోని జీవితానికి వారసులైన వారు మాత్రం పాఠకులుగా లెక్కలోకి రావడం లేదు. అంతర్జాల పత్రికలు, రచయితల సొంత వేదికలు, ధారావాహిక వేదికలు, దృశ్యమాధ్యమం అనే నాలుగు మార్గాలను ఈ దృష్టితో పరిశీలించి, పాఠకసంబంధానికి సంఖ్యకన్నా మెరుగైన కొలమానం ఏదో ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ఆదివాసీ సాహిత్యం, అరకులోయ, అంతర్జాల పాఠకుడు, గిడుగు రామమూర్తి, మౌఖికత, లిపి, యూనికోడ్.

1. ఉపోద్ఘాతం:

రచయితకు పాఠకులు ఎలా ఏర్పడతారు అన్న ప్రశ్నకు అచ్చుకాలంలో సమాధానం పత్రిక, ప్రచురణకర్త, గ్రంథాలయం, సభ అనే నాలుగింటి చుట్టూ తిరిగేది. ఈ నాలుగూ పట్టణాలకు చెందిన వ్యవస్థలు. ఘాట్‌రోడ్డు ఎక్కేసరికి వాటి శక్తి సన్నగిల్లేది. అందువల్ల కొండప్రాంతపు రచయిత రచన పంపవలసిందీ కిందికే, గుర్తింపు రావలసిందీ కిందినుంచే. అంతర్జాలం ఈ మెట్లను తొలగించిందని సాధారణ అభిప్రాయం. 1998లో అమెరికా నుంచి ‘ఈమాట’ మొదలైంది. ఆ తరువాతి రెండు దశాబ్దాల్లో ‘సారంగ’, ‘విహంగ’, ‘కొలిమి’, ‘నెచ్చెలి’ వంటి పత్రికలు వచ్చాయి. సొంత వేదికలు, సామాజిక మాధ్యమాలు, శ్రవ్య ప్రసారాలు వాటికి తోడయ్యాయి. సంపాదకుని చిరునామా తెలియకపోయినా రచన పాఠకుని చేరగల స్థితి ఏర్పడింది.

అయితే, ‘పాఠకుని చేరడం’ అన్న మాటలో ఏ పాఠకుడు అన్న ప్రశ్న మరుగున పడుతోంది. విజయవాడ రచయిత విజయవాడ గురించి రాసినప్పుడు ఆ ఊరివారే ఆ రచనకు సహజ పాఠకులు. తప్పు రాస్తే వారే తప్పంటారు. కువి, గదబ, పోర్జ, ఆదివాసీ ఒడియా మాట్లాడే ఇళ్ల గురించి తెలుగులో రాసినప్పుడు ఈ సహజ సంబంధం తెగిపోతుంది. రచనలో ఉన్నవారు ఒకరు, రచన చదివేవారు మరొకరు. ఈ ఎడాన్ని అంతర్జాలం తగ్గించిందా, పెంచిందా అన్నదే ఇక్కడి సమస్య.

2. పూర్వరంగం – పాఠకులను తయారుచేసిన రచయిత:

ఈ సమస్యను అంతర్జాలానికి చాలా ముందే ఎదుర్కొన్నవారు గిడుగు వెంకట రామమూర్తి (1863–1940). వ్యావహారిక భాషోద్యమ నాయకునిగా ఆయనను తెలుగు విద్యార్థులందరూ ఎరుగుదురు. ఆయన సవర భాషాకృషిని మాత్రం సాధారణంగా భాషాశాస్త్ర చరిత్రలో ఒక అధ్యాయంగా చూసి వదిలేస్తున్నాం. పాఠకసంబంధం దృష్ట్యా ఆ కృషిని మళ్లీ చదవవలసి ఉంది. పర్లాకిమిడిలో ఉపాధ్యాయునిగా ఉంటూ ఆయన సవర మాట్లాడేవారి నుంచే ఆ భాష నేర్చుకున్నారు. సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పాలని సొంత ఖర్చుతో బడులు నడిపారు. వారికోసం వాచకాలు రాశారు. 1931లో సవర వ్యాకరణాన్ని, 1938లో కోశాన్ని వెలువరించారు.

ఈ క్రమం గమనించదగినది. వ్యాకరణం, కోశం బయటి విద్వాంసునికి ఉపయోగపడేవి. వాచకం, బడి లోపలి పాఠకునికి ఉపయోగపడేవి. గిడుగు రెండు పనులూ చేశారు, వాటిలో బడిపని ముందుగా చేశారు. పాఠకులు లేరని తెలిసినచోట వారిని తయారుచేయడం కూడా రచయిత బాధ్యతలో భాగమని ఆయన ఆచరణ చెబుతుంది. వ్యావహారికోద్యమంలో ఆయన వాదన కూడా ఇదే సూత్రం మీద నిలిచింది: చదవవలసినవాడికి అర్థంకాని భాషలో రాసిన చదువు ఎవరికోసం?

రెండో ఉదాహరణ పాటది. ఉపాధ్యాయుడు వెంపటాపు సత్యం 1960లలో పార్వతీపురం ఏజెన్సీలో పాటను ప్రధాన సాధనంగా చేసుకున్నారు. ఆయన రాజకీయ మార్గంపై ఎవరి అభిప్రాయం ఏదైనా, సాహిత్యచరిత్రకు సంబంధించినంతవరకు ఒక విషయం స్పష్టం. అక్షరం చేరని గూడేనికి గొంతు చేరింది. విన్నవారు దాన్ని తిరిగి పాడారు. శ్రోత గాయకుడు కావడం కన్నా బలమైన పాఠకసంబంధం లేదు. ఈ రెండు అనుభవాలు నేటి మాధ్యమాలను కొలవడానికి మనకు చేతికందిన కొలబద్దలు.

3. ‘అరకు’ అనే పేరు ఎవరిది?

అంతర్జాలంలో పాఠకులు రచయితను వెతికి చేరుకునేది మాట ద్వారా. ‘అరకు’ అని వెతికినవారికి ముందుగా ఎదురయ్యేవి రైలు ప్రయాణం, బొర్రా గుహలు, కాఫీతోటలు, బస వివరాలు, వెదురుబొంగులో కాల్చిన కోడిమాంసం. 2017లో కిరండోల్ రైలుకు అద్దాల పెట్టె చేర్చారు. 2019లో అరకు కాఫీకి భౌగోళిక గుర్తింపు లభించింది. ఇవి ఆ ప్రాంత ఆర్థిక జీవనానికి మేలు చేసిన పరిణామాలే. కాని వీటివల్ల అంతర్జాలంలో ‘అరకు’ అన్న పేరు పర్యాటకుని సొత్తు అయింది.

ఈ స్థితి రచయిత ముందు ఒక ప్రలోభాన్ని ఉంచుతుంది. సిద్ధంగా ఉన్న ఈ ఆసక్తికి అనుగుణంగా రాస్తే పాఠకులు వెంటనే దొరుకుతారు. పొగమంచు, వలిసెపూలు, థింసా అడుగులు, అమాయకులైన కొండమనుషులు ఉంటే చాలు. ఇటీవల చాలా యాత్రారచనలు, కొన్ని కథలు, అనేక కవితలు ఈ సరుకుతోనే వెలువడుతున్నాయి. వాటిలో ఆదివాసి ప్రకృతిలో భాగంగా కనిపిస్తాడు. కౌలు గురించి, బడి గురించి, అటవీహక్కు పట్టా గురించి మాట్లాడే పౌరునిగా కనిపించడు. అక్కడ ఏర్పడినది సందర్శకుల గుంపు. సందర్శకుడు వచ్చినట్టే వెళ్లిపోతాడు.

దీనికి ఎదురుగా ఉన్న మరో చిత్రం డోలీ. రోడ్డులేని గ్రామాల నుంచి గర్భిణులను, రోగులను డోలీకట్టి మోసుకువస్తున్న దృశ్యాలు కొన్నేళ్లుగా తెలుగు పాఠకులందరికీ పరిచితమయ్యాయి. ఆ దృశ్యాలు అధికారులను కదిలించిన సందర్భాలున్నాయి, వాటి అవసరం కాదనలేనిది. అయినా రచయిత ఒక విషయం గ్రహించాలి. సుందరదృశ్యమైనా దుఃఖదృశ్యమైనా అందులోని మనిషికి పేరు, మాట, హాస్యం, కోపం లేకపోతే చూసేవాని స్థానం మారదు. ఒకచోట మురిసిపోయి, మరొకచోట జాలిపడి, ఇద్దరూ తెర పక్కకు జరుపుతారు.

4. నాలుగు మార్గాలు – పరిశీలన:

4.1. పత్రిక, భాండాగారం:

అంతర్జాల పత్రిక చేసిన ప్రధానమైన మేలు నిలవ. దినపత్రిక ఆదివారం అనుబంధంలో వచ్చిన కథ వారానికి కనుమరుగైతే, అంతర్జాల పత్రికలో వచ్చినది పదేళ్ల తరువాత కూడా పరిశోధకునికి దొరుకుతుంది. కాళీపట్నం రామారావు 1997 ఫిబ్రవరి 22న శ్రీకాకుళంలో ప్రారంభించిన కథానిలయం తన సేకరణను అంతర్జాలంలోకి తేవడం ఈ దిశలో పెద్ద అడుగు. ఉత్తరాంధ్ర కథను చదవాలంటే శ్రీకాకుళం వెళ్లక తప్పని స్థితి దానివల్ల సడలింది. ఆదివాసీ సమాజం నుంచి వచ్చిన కథకుడు మల్లిపురం జగదీశ్ ‘శిలకోల’, ‘గురి’ కథాసంపుటాలు చర్చలోకి రావడంలో అచ్చుతో పాటు ఇటువంటి వాతావరణం పాత్ర ఉంది. తెలంగాణ మైదానపు తండా నుంచి వచ్చిన రమేశ్ కార్తీక్ నాయక్ ‘ఢావ్లో’ కథలకు 2024లో సాహిత్య అకాడమీ యువ పురస్కారం లభించడం, తెలుగు పాఠకలోకం ఇంట్లో వేరే భాష మాట్లాడే తెలుగు రచయితను అంగీకరిస్తున్నదనడానికి సూచన.

అయితే ఈ మార్గంలో పాఠకులు ప్రధానంగా రచయితలు, అధ్యాపకులు, ప్రవాసులు. పత్రిక సంభాషణ వారి మధ్యనే జరుగుతుంది. అది విలువైనదే గాని, కథలోని గూడెం ఆ సంభాషణకు బయటే ఉండిపోతుంది.

4.2. రచయిత సొంత వేదిక:

సొంత వేదిక ద్వారా పాఠకులను కూడగట్టుకున్న తెలుగు రచయితల్లో వాడ్రేవు చినవీరభద్రుడు ముఖ్యులు. ఆయన తూర్పు కనుమల అంచున ఉన్న శరభవరంలో పుట్టి, గిరిజన సంక్షేమ శాఖలో దీర్ఘకాలం పనిచేశారు. ‘నా కుటీరం’ పేరిట నడుపుతున్న జాలవేదికలో కవిత్వం, అనువాదం, చిత్రలేఖనం, ప్రపంచసాహిత్యం గురించి క్రమం తప్పకుండా రాస్తున్నారు. తన పుస్తకాలను ఈ-ప్రతులుగా ఉచితంగా అందుబాటులో ఉంచారు.

ఇందులో గ్రహించవలసిన అంశాలు మూడు. మొదటిది క్రమబద్ధత. కొండల్లో వారపుసంత ఎందుకు నిలిచింది? అదే రోజున అదే చోట జరుగుతుంది కనుక. పాఠకుడు కూడా తనకు తెలిసిన చోటికే మళ్లీ వస్తాడు. రెండోది స్థిరమైన చిరునామా. సామాజిక మాధ్యమంలో రాసినది ప్రవాహంలో కొట్టుకుపోతుంది, సొంత వేదికలో పేరుకుంటుంది. మూడోది దాతృత్వం. పుస్తకం ఇచ్చి పాఠకుని సంపాదించడం, పాఠకుని చూపి పుస్తకం అమ్మడం వేర్వేరు వైఖరులు.

ఆయన ‘కొన్ని కలలు కొన్ని మెలకువలు’ గిరిజన విద్యారంగంలోని అనుభవాలకు సంబంధించిన పుస్తకం. అందులోని కొండపిల్లలు చదువు నేర్చుకోవలసినవారు. ఆ పిల్లలే పెద్దవారై ఆ పుస్తకాన్ని తెరపై చదివితే ఏమంటారు? తమ బడి గురించి తాము ఏం రాస్తారు? గిడుగు నాటి బడికీ నేటి వేదికకూ మధ్య వంతెన పడవలసిన చోటు ఇదే. ఏ ఒక్క రచయిత వ్యక్తిగత కృషితోనో పూర్తయ్యే పని కాదిది.

4.3. ధారావాహిక వేదికలు:

2014లో బెంగళూరులో మొదలైన ‘ప్రతిలిపి’ వంటి వేదికలు కొత్త రచయితలకు వేల సంఖ్యలో చదువరులను చూపించాయి. ఎంతమంది చదివారు, ఎన్ని నక్షత్రాలు ఇచ్చారు, ఎంతమంది అనుసరిస్తున్నారు అన్న లెక్కలు రచన పక్కనే కనిపిస్తాయి. చిన్న భాగాలుగా, ప్రతి భాగం చివర ఉత్కంఠతో రాసేవారికి ఈ అమరిక అనుకూలం. ఆదివాసీ మౌఖిక కథనం తీరు వేరు. అందులో పునరుక్తి ఉంటుంది, పాట మధ్యలో వస్తుంది, వినేవారు ఊకొడతారు, కథ ముగింపు అందరికీ ముందే తెలుసు. ఉత్కంఠను కొలిచే తరాజులో ఈ కథనం తేలిపోతుంది. కనుక ఇక్కడ తక్కువ చదువరులు రావడాన్ని రచన బలహీనతకు నిదర్శనంగా తీసుకోరాదు.

4.4. దృశ్యం, శ్రవ్యం:

ఇటీవల కొండప్రాంత యువకులే తమ ఊళ్లను చిత్రించి యూట్యూబులో ఉంచుతున్నారు. ‘అరకు ట్రైబల్ కల్చర్’ వంటి చానళ్లు వంట, పంట, పండుగ, సంత చూపి తెలుగు ప్రేక్షకులను ఆకట్టుకున్నాయి. సాహిత్యవిమర్శ వీటిని పట్టించుకోలేదు. పట్టించుకోవలసిన కారణం ఉంది. ఇక్కడ చెప్పేవాడు లోపలివాడు. తన ఇంటివారితో ఒక భాషలో మాట్లాడి, చూసేవారికోసం తెలుగులోకి మారడం ఇటువంటి చిత్రాల సహజ లక్షణం. ఆ మారే క్షణంలో రెండు పాఠకవర్గాలూ ఒకేసారి ఎదురుగా ఉంటాయి. అచ్చుకథ ఎంతో శ్రమపడి సాధించే ద్విభాషాస్థితి ఇక్కడ అప్రయత్నంగా దొరుకుతోంది. పర్యాటకుని కుతూహలం ఈ చానళ్లనూ తనవైపు లాగుతుందన్నది నిజమే. అయినా ఇంటివారు చూసి నవ్వుతారో లేదో అన్న భయం ఈ చిత్రకారునికి ఉంది. అదే అతనికి విమర్శకుడు.

5. ఒక పదం దగ్గర పరీక్ష:

పాఠకుడు ఎవరన్నది రచయిత వాడే పదం దగ్గర తేలిపోతుంది. ‘కందికొత్త’ను చూద్దాం. తూర్పు కనుమల్లో కొత్తగా చేతికొచ్చిన పంటను పూజచేసి అందరూ కలిసి మొదట తినే పండుగలకు ‘కొత్త’ అని పేరు. కందికొత్త, కొర్రకొత్త, మామిడికొత్త అటువంటివి. ఆ పండుగ కాకుండా ఆ పంట నోటపెట్టరు. మైదానపు తెలుగు చదువరికి ‘కొత్త’ విశేషణంగానే తెలుసు. ఇప్పుడు రచయిత ముందు మూడు దారులు ఉన్నాయి. ‘కొత్తపంటల పండుగ’ అని మార్చి రాయవచ్చు. ‘కొత్త’ అని రాసి కింద వివరణ ఇవ్వవచ్చు. కొత్త కాకముందే కంది వలిచి నోట్లో వేసుకున్న పిల్లవాడిని అవ్వ మందలించే సన్నివేశం రాసి, అర్థాన్ని కథలోనే పలికించవచ్చు.

మొదటి దారిలో లోపలి పాఠకుడు తన మాటను పోగొట్టుకుంటాడు. రెండో దారిలో మాట మిగులుతుంది గాని, వివరణ అతనికి అక్కరలేనిది కనుక పుస్తకం తనకోసం కాదని తెలిసిపోతుంది. మూడో దారిలో ఇద్దరూ సమానంగా చదువుతారు. బయటివాడు నేర్చుకుంటాడు, లోపలివాడు గుర్తుపడతాడు. అంతర్జాలంలో ‘తేలికగా అర్థమయ్యేలా రాయండి’ అన్న సలహా తరచుగా మొదటి దారికే తీసుకుపోతుంది. పాఠకులను పెంచుకోవాలనే ఆరాటంలో కోల్పోయే మొదటి వస్తువు ఇటువంటి పదమే.

6. లిపి, గొంతు, సంకేతం:

కొండభాషలను అంతర్జాలంలో రాయడానికి సాంకేతిక అవరోధాలు తగ్గుతున్నాయి. సవరకోసం 1936లో మంగేయి గొమాంగో రూపొందించిన సోరా సోంపెంగ్ లిపి 2012లో యూనికోడ్ 6.1లో చేరింది. ఆదిలాబాదులో దొరికిన గుంజాల గోండి లిపికి 2018లో స్థానం లభించింది. 2004 ప్రాంతంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సవర, కువి, కొండ, కోయ, ఆదివాసీ ఒడియా మొదలైన 8 భాషల్లో మాతృభాషా విద్యాకార్యక్రమం చేపట్టి తెలుగు లిపిలో వాచకాలు తయారుచేయించింది.

లిపులు పెరిగిన కొద్దీ ఒకే భాషవారు విడిపోయే ప్రమాదం కూడా ఉంది. ఒక సవర పాఠాన్ని తెలుగు లిపిలో రాస్తే సీతంపేట విద్యార్థి చదువుతాడు, సరిహద్దుకు అటువైపు ఒడియా లిపి అలవాటైన అతని బంధువు చదవలేడు. అదే పాఠాన్ని చదివి వినిపిస్తే ఇద్దరికీ అందుతుంది. అందుచేత తూర్పు కనుమల రచయిత తన రచనతో పాటు తన గొంతును కూడా ఉంచడం అలంకారం కాదు, ఆవశ్యకత. తెలుగు కథకు శ్రవ్యరూపం కల్పించిన ‘దాసుభాషితం’, ‘హర్షణీయం’ వంటి ప్రయత్నాలు మార్గం చూపుతున్నాయి. వాటిని ఆదివాసీ భాషలకు విస్తరింపజేయవలసి ఉంది.

సంకేతాల సంగతి కూడా మరచిపోరాదు. 2023 జూన్‌లో రాష్ట్ర ప్రభుత్వం ఒకేసారి 100 సెల్‌టవర్లను ప్రారంభించింది. వాటిలో అత్యధికం అల్లూరి సీతారామరాజు జిల్లాలోనివే. అంతవరకు అనేక గ్రామాలు సంకేతం కోసం గట్టెక్కవలసినవే. ఇప్పటికీ లోయలో దిగితే మాట తెగే చోట్లు ఉన్నాయి. అటువంటి చోట పెద్ద దృశ్యచిత్రం కన్నా ఒకసారి దించుకుని పదిమందికి పంచుకోగల చిన్న శ్రవ్యభాగం ఎక్కువ దూరం పోతుంది. ఒకప్పుడు పాటలు మెమరీ కార్డుల్లో చేతులు మారినట్టే ఇదీ చేతులు మారుతుంది. ఆ చేతులు మారడం ఏ వేదిక లెక్కలోనూ కనిపించదు.

7. ఒక అభ్యంతరం:

ఈ వాదానికి ఒక అభ్యంతరం ఉంది. మైదానపు రచయితకు లేని భారం కొండరచయితపై ఎందుకు మోపాలి? లోకంలోని ఏ పాఠకునికోసమైనా రాసే స్వేచ్ఛ అతనికి లేదా? అభ్యంతరం న్యాయమైనది. ఆదివాసీ రచయితను తన సముదాయానికి ప్రతినిధిగా మాత్రమే చూడడం మరో రకమైన కట్టడి అవుతుంది. ప్రేమ గురించి, నగరం గురించి, దేవుని గురించి అతను ఎవరికోసమైనా రాయవచ్చు.

అయితే ఈ భారాన్ని ఇక్కడ మోయవలసినది రచయిత ఒక్కడే కాదు. ఆశ్రమ పాఠశాలల్లో, అరకు, పాడేరు కళాశాలల్లో చదువుకుంటున్న తరం ఇంట్లో కువిగాని ఒడియాగాని మాట్లాడుతూ, తెలుగులో చదువుతూ, చేతిలో ఫోనుతో ఎదుగుతోంది. లోపలి పాఠకుడు లేడన్న మాట నిన్నటికి కొంత నిజం కావచ్చు, నేటికి కాదు. ఆ విద్యార్థి తన ఊరిపేరు తెలుగులో వెతికినప్పుడు బస వివరాలు మాత్రమే దొరికితే, ఆ లోపం పత్రికలది, విశ్వవిద్యాలయాలది, విమర్శకులది కూడా. తెలుగు శాఖలు ఆదివాసీ సాహిత్యంపై పరిశోధనలు చేయిస్తున్నాయి. ఆ సిద్ధాంతగ్రంథాల్లో సేకరించిన పాటలూ కథలూ పాడినవారి ఊళ్లకు ఏ రూపంలోనైనా తిరిగి చేరుతున్నాయా అని అడగవలసిన సమయం వచ్చింది.

8. ముగింపు:

పై పరిశీలన నుంచి తేలిన అంశాలు ఇవి:

• అంతర్జాలం తూర్పు కనుమల రచనకు దూరపు పాఠకులను ఇచ్చింది. లోపలి పాఠకులు దానంతట అది ఇచ్చే వరం కాదు. గిడుగు వలె వారికోసం విడిగా పనిచేయాలి.

• క్రమబద్ధత, స్థిరమైన చిరునామా, ఉచిత లభ్యత అనేవి పాఠకులను నిలుపుతాయి. వీక్షణల సంఖ్య ఈ బంధాన్ని కొలవలేదు.

• స్థానిక పదాన్ని తొలగించి సంపాదించిన పాఠకుడు, ఆ పదం యజమానిని దూరం చేసుకుని సంపాదించిన పాఠకుడు.

• అక్షరంతో పాటు గొంతును ఉంచడం ఈ ప్రాంతపు బహులిపి, బహుభాషా స్థితికి తగిన పద్ధతి.

పాఠకసంబంధానికి ఈ వ్యాసం ప్రతిపాదించే కొలమానం ఒక్కటే: రచనలో ఉన్న మనిషి ఆ రచనను చదివి లేదా విని, “ఇది ఇలా కాదు” అని చెప్పే వీలుందా? ఆ మాట రచయితకు చేరే దారి ఉందా? ఈ దారి ఉన్నచోట పదిమంది పాఠకులున్నా సాహిత్యం పెరుగుతుంది. లేనిచోట లక్షమంది చదివినా కొండ మాట కొండమీదే ఉండిపోతుంది.